అవును, కాదు, సంబంధం లేదు: బ్లాక్ స్టోరీస్ కార్డులతో మా ఇంటి ఏడాది

మే నెల మధ్యాహ్నాలు హనుమకొండలో ఎట్లుంటాయో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. పదకొండు దాటితే రోడ్డు మీద మనిషి కనపడడు, పిల్లలు కూలర్ ముందు నుంచి లేవరు, చేతిలో ఫోన్ దింపరు. ఆ ఫోన్ల గోల పడలేకనే పోయిన ఎండాకాలం బ్లాక్ స్టోరీస్ అనే కార్డుల డబ్బా ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించాను. ఏడాదికి పైగా ఆడాం, అందుకే ఇప్పుడు నమ్మకంగా రాస్తున్నాను. ముందే చెప్తున్నా, కొనండి. కానీ ఇంట్లో చిన్నపిల్లలుంటే కార్డులన్నీ ముందు మీరొక్కరే కూర్చుని చదవండి, కొన్ని తీసి పక్కన పెట్టండి. ఎందుకో కింద రాస్తాను.

ఆట తెలియనివాళ్లకు రెండు ముక్కలు. ఇది జర్మనీ ఆట, 2004లో మోసెస్ అనే సంస్థ తెచ్చింది, ఇంగ్లిష్‌లోనూ దొరుకుతుంది. డబ్బాలో 50 కార్డులుంటాయి. కార్డుకు ఒకవైపు ఒక విడ్డూరమైన సంగతి రెండు మూడు వాక్యాల్లో ఉంటుంది, వెనక వైపు అసలేం జరిగిందో ఉంటుంది. కార్డు పట్టుకున్నవాళ్లు ముందువైపు గట్టిగా చదువుతారు, వెనక వైపు మనసులో చదువుకుంటారు. మిగతావాళ్లు ప్రశ్నలడుగుతారు. జవాబు "అవును" లేదా "కాదు" మాత్రమే. ప్రశ్నకు కథతో పని లేకపోతే "సంబంధం లేదు" అనొచ్చు. అంతే. పాచికలు లేవు, పాయింట్లు లేవు, ఓడేవాళ్లు లేరు, అందరూ కలిసి ఒక్క ముడి విప్పాలి. ఈ రకం చిక్కుల్ని లాటరల్ థింకింగ్ పజిల్స్ అంటారు. లాటరల్ థింకింగ్ అంటే తిన్నగా కాకుండా పక్కదారిలో ఆలోచించడం, ఆ మాట 1967లో ఎడ్వర్డ్ డి బోనో అనే రచయిత పుట్టించింది. చైనాలో, జపాన్‌లో అయితే వీటికి తాబేలు సూప్ అని పేరు, అక్కడి కుర్రకారు ఎగబడి ఆడతారట.

మొదటి రోజు డబ్బా విప్పకముందే, ఆట ఎట్లా ఉంటుందో చూపిద్దామని ఎప్పటి నుంచో అందరి నోళ్లలో ఉన్న పాత లిఫ్టు కథ చెప్పాను. ఒకాయన అపార్ట్‌మెంట్‌లో ఎనిమిదో అంతస్తులో ఉంటాడు, పొద్దున లిఫ్టులో కిందికి దిగి ఆఫీసుకు పోతాడు, సాయంత్రం వచ్చి లిఫ్టెక్కి ఐదో అంతస్తులో దిగి మిగతా మూడంతస్తులూ మెట్లెక్కుతాడు, వాన పడే రోజు మాత్రం నేరుగా ఎనిమిదికే పోతాడు, ఎందుకు? తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి, ఆరో తరగతి మా బాబు వెంటనే మొదలుపెట్టారు. ఎక్సర్‌సైజ్ కోసమా? కాదు. ఐదో అంతస్తులో ఫ్రెండున్నాడా? కాదు. లిఫ్టు చెడిపోయిందా? కాదు. ఆరో అంతస్తులో కుక్కుందా? కాదు. ఇట్లా పద్నాలుగు 'కాదు'లు పడ్డాయి, బాబుకు కోపం వచ్చి దిండు విసిరేశాడు.

మా అత్తమ్మ ఆ పక్కనే చాప మీద కూర్చుని చింతపండు గింజ తీస్తున్నది. ఈ సీజన్‌లో ఏడాదికి సరిపడా చింతపండు కొని గింజ కొట్టి పెట్టుకోవడం మా ఇంట్లో తప్పని పని. ఆమె ఆడుతున్నట్టు కూడా మాకెవరికీ తెలియదు. చేతిలో పని ఆపకుండానే అడిగింది: "లిఫ్టుల ఒక్కడే ఉంటెనేనా గిట్ల?"

"అవును అత్తమ్మా."

"పక్కకు ఇంకొకలుంటే సీదా పోతడా?"

"అవును."

"ఇంకేంది మరి, పైనున్న బటన్‌కు చెయ్యి అందదు ఆయనకు. వానల గొడుగుంటది, దాంతోని ఒత్తుతడు."

పద్నాలుగు ప్రశ్నల్లో పిల్లలు దాటలేనిది ఆమె రెండు ప్రశ్నల్లో దాటింది. అప్పటి నుంచి నాకు ఈ ఆట మీద గౌరవం పెరిగింది, అత్తమ్మ మీద అంతకంటే ఎక్కువ. తర్వాత దాని గురించి చాలా ఆలోచించాను. పిల్లలు అడిగినవి ప్రశ్నలు కావు, ఊహలు. ఒక్కో జవాబు పట్టుకుని ఇదేనా, ఇదేనా అని తలుపులు తట్టారు. అత్తమ్మ ఏ జవాబూ ఊహించలేదు, మొత్తం సంగతిని సగానికి కోసింది: ఒంటరిగా ఉన్నప్పుడు, ఒంటరిగా లేనప్పుడు. "కాదు" అని వచ్చినా ఆమె చేతికి ఏదో ఒకటి దొరికేది. సగానికి కోసే ప్రశ్న బలం ఎంతో లెక్క వేసి అమ్మాయికి చూపించాను. ప్రతి ప్రశ్నా మిగిలినవాటిని సరిగ్గా రెండు భాగాలు చేస్తే, పది ప్రశ్నలతో 1,024 వస్తువుల్లోంచి ఒకదాన్ని పట్టుకోవచ్చు, ఇరవై ప్రశ్నలతో 10,48,576 వాటిల్లోంచి. ఒకరు మనసులో అనుకున్నదాన్ని ఇరవై ప్రశ్నల్లో కనుక్కునే ఆట అమెరికాలో 1946లోనే రేడియోకెక్కిందంటే ఊరికే కాదు. ఈ లెక్క చూశాక మా అమ్మాయి ప్రశ్న అడిగే ముందు ఆగి ఆలోచించడం మొదలుపెట్టింది, అది నేను కళ్లారా చూశాను.

ఇక డబ్బా సంగతి. అమ్మినవాళ్లు సరిగ్గా ప్యాక్ చేయక డబ్బా ఒక మూల నలిగి వచ్చింది, కార్డులకు మాత్రం ఏం కాలేదు. కార్డులు మందంగా, గట్టిగా ఉన్నాయి, ఏడాది పాటు చమట చేతుల్లో తిరిగినా అంచులు లేవలేదు. బొమ్మలు నలుపు తెలుపుల్లో, అక్కడక్కడ ఎరుపుతో ఉంటాయి, చూస్తేనే కొంచెం ఒళ్లు జలదరిస్తుంది. అట్లా ఉండాలనే గీశారు. ఇంగ్లిష్ మరీ కష్టమైనది కాదు, తొమ్మిదో తరగతి పిల్లకు అర్థమవుతుంది.

కానీ మా ఇంట్లో తెలుగులో చెప్పుకుంటేనే ఆట, లేకపోతే అత్తమ్మకు, మామయ్యకు చోటు లేదు. అక్కడే అసలు మజా, అసలు చిక్కు రెండూ ఉన్నాయి. అప్పటికప్పుడు తెలుగులోకి మార్చి చెప్పేటప్పుడు మన క్రియాపదం గుట్టు రట్టు చేసేస్తుంది. ఇంగ్లిష్‌లో డాక్టర్ అంటే ఆడో మగో తెలియకుండా కథంతా నడపొచ్చు. మనకు "డాక్టర్ అన్నాడు", "డాక్టర్ అన్నది" అనగానే సగం కథ అయిపోయింది. రెండుసార్లు నేనే ఇట్లా పాడు చేసి పిల్లలతో తిట్లు తిన్నాను. తర్వాత ఉపాయం దొరికింది, గౌరవం ఇచ్చేయడమే. "డాక్టర్ గారు అన్నారు" అంటే ఆడా మగా రెండూ దాగిపోతాయి, ఎవరికీ అనుమానం రాదు. ఇంకో ఉపాయం కూడా మన భాషలోనే ఉంది, అది ఇంగ్లిష్‌కు లేదు. "వచ్చింది" అంటే మనకు ఆడమనిషి కావచ్చు, పిల్లి కావచ్చు, బస్సు కావచ్చు, కరెంటు బిల్లు కావచ్చు. మా బాబు సొంతంగా కట్టిన మొదటి చిక్కు అదే: "రాత్రి రెండింటికి చెప్పకుండా వెళ్లిపోయింది. ఇంట్లో అందరూ లేచి బయటికొచ్చారు. తెల్లారి ఐదింటికి తిరిగొచ్చింది. ఎవరూ తిట్టలేదు, అందరూ సంతోషంగా పడుకున్నారు." మా ఆయన పాపం మనిషి అనుకుని పది ప్రశ్నలు వేశాడు. పోయింది కరెంటు.

ఇప్పుడు ముందు చెప్పిన హెచ్చరిక. పేరులోనే నలుపు ఉంది, ఇది చావుల ఆట. దాదాపు ప్రతి కార్డు వెనకా ఒక శవం ఉంటుంది. డబ్బా మీద పన్నెండేళ్లు పైబడినవాళ్లకని రాసే ఉంది, దాచిందేం లేదు. మొదట్లో సాయంత్రం ఆడదామని కూర్చుంటే అత్తమ్మ ఒప్పుకోలేదు. "దీపాలు పెట్టే యాళ్ల చావుల ముచ్చట్లేంది బిడ్డా" అన్నది. ఆమె మాట నాకు సబబుగానే అనిపించింది, అప్పటి నుంచి ఈ డబ్బా పగటి పూట మాత్రమే తెరుస్తాం. హత్యల కథలతో పిల్లలకు పెద్ద ఇబ్బంది లేదు, అవి వాళ్లకు డిటెక్టివ్ కథల్లా ఉంటాయి. నన్ను ఆపేసింది ఆత్మహత్యల కార్డులు. మా పుట్టింటి ఊరు పత్తి ఊరు. 1998 ప్రాంతంలో వరంగల్ జిల్లాలో పురుగు పడి పత్తి పోయి, అప్పులు తీర్చే దారి లేక ఎంతమంది రైతులు పురుగుల మందు తాగారో అప్పటివాళ్లెవరూ మర్చిపోరు. నాకప్పుడు చిన్న వయసు, మా వాడకట్టులోనే ఒకిల్లు అట్లా చీకటైంది. ఆ సంగతిని ఒక కార్డు మీద బొమ్మ వేసి, ఎందుకు పోయాడో కనుక్కో అని పిల్లల ముందు పెట్టడం నా చేత కాదు. వయసు డబ్బా మీదే రాశారు కాబట్టి తయారుచేసినవాళ్ల తప్పంటూ ఏం లేదు, మా ఇంటికి అవి సరిపడవు, అంతే. అట్లాంటివీ, మరీ బీభత్సంగా ఉన్నవీ మొత్తం తొమ్మిది కార్డులు తీసి బీరువాలో పెట్టాను.

ఇంకో మాట, ఒక కార్డు ఒక్కసారే. జవాబు తెలిశాక మళ్లీ అడగలేం. రోజుకు మూడు నాలుగు లెక్కన ఆడితే రెండు వారాల్లో డబ్బా అయిపోతుంది. డబ్బులు దండగేనా అంటే నా ఉద్దేశంలో కాదు. ఆ రెండు వారాల్లో చిక్కు ఎట్లా కట్టాలో చేతికొస్తుంది, తర్వాత సొంతవి కట్టుకోవచ్చు. మేం అదే చేశాం. ఇంట్లో పేరుకుపోయిన పాత పెళ్లి పత్రికలు, లోపలి ఖాళీ పేజీలు మందంగా ఉంటాయి కదా, వాటిని కార్డుల సైజుకు కత్తిరించి తెలుగులో రాశాం. చావులు వద్దు, మన చుట్టుపక్కల రోజూ జరిగేవే రాయాలని అత్తమ్మ షరతు పెట్టింది. ఈ ఆటలో నాకు బాగా నచ్చిన భాగం ఇక్కడే మొదలైంది.

మా బాబు రామప్ప గుడి మీద రాశాడు. "పాత గుడి శిఖరం నుంచి తీసిన ఇటుక నీళ్లలో వేశారు, మునగలేదు, ఎందుకు?" 1213 నాటి గుడి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది, శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలేంత తేలిక అని బడిలో చెప్పారు, అది పట్టుకుని రాశాడు. సంగతి గొప్పదే కానీ చిక్కుగా నిలబడలేదు. తెలిసినవాళ్లు ఒక్క ముక్కలో చెప్పేస్తారు, తెలియనివాళ్లు ఎన్ని అడిగినా "ఇటుక తేలిక కాబట్టి" దగ్గరే ఆగిపోతారు. అది క్విజ్ ప్రశ్న. అసలు సంగతి తెలియని మనిషి కూడా ప్రశ్నల మెట్లెక్కి జవాబు దాకా రాగలిగితేనే మంచి చిక్కు. ఈ తేడా తెలియడానికి మాకు ఓ పది కార్డులు చింపాల్సి వచ్చింది.

మా అమ్మాయి రాసింది మాత్రం నిఖార్సైన చిక్కు, అట్లాగే ఇస్తున్నాను: "ఒకామె రోజు కూలీ. తన బరువంత బంగారం తూకం వేయించి కొన్నది. బస్సులో అందరూ చూస్తుండగానే తీసుకుపోయింది, దొంగల భయం లేదు. అడవిలో ఇచ్చేసి ఉత్త చేతులతో సంతోషంగా తిరిగొచ్చింది." మీరు మా వైపు వాళ్లయితే ఈపాటికి నవ్వుతుంటారు. బెంగళూరులో పుట్టి పెరిగిన మా ఆడపడుచు కొడుకు సెలవులకు వస్తే వాడి ముందు పెట్టింది. వాడు మొదటి ప్రశ్నే "నిజమైన బంగారమా?" అన్నాడు. అమ్మాయి నోరు తెరిచి ఆగిపోయింది. కాదంటే చిక్కు అక్కడికక్కడే చచ్చిపోతుంది, అవునంటే అబద్ధం. నా వైపు చూసింది. నాకూ తోచలేదు. చివరికి అత్తమ్మ తేల్చింది: "గా ప్రశ్న ఇంకో తీరుగ అడుగు కొడుకా." అప్పటి నుంచి మా ఇంట్లో మూడు జవాబులకు తోడు ఇది నాలుగోది.

వాడు తల గోక్కున్నాడు. కొన్న చోటు పట్టుకున్నాడు.

"షాపులో కొన్నదా?" అవును. "బంగారం షాపా?" కాదు. ఇక్కడ వాడి ముఖం చూడాలి, కళ్లు చిన్నవయ్యాయి, కూలర్ పక్క నుంచి లేచి వచ్చి నేల మీద కూర్చున్నాడు. "కిరాణా షాపా?" అవును. "తినేదా?" అవును. "తీపా?" అవును. "బెల్లం! బెల్లాన్ని బంగారం అంటారా? ఎవరికి ఇచ్చింది, మనిషికా?" కాదు. "దేవుడికా?" అమ్మాయి మళ్లీ ఒక్క క్షణం ఆగి "దేవతలకు" అనేసింది, అవును కాదు తప్ప అనకూడదని మర్చిపోయి. వాడు "మేడారం!" అని అరిచిన అరుపుకు పక్కింటివాళ్లు గోడ మీది నుంచి తొంగిచూశారు. వాడెప్పుడూ జాతరకు పోలేదు. రెండేళ్లకోసారి వచ్చే సమ్మక్క సారలమ్మ జాతరకు వాళ్లమ్మ మొక్కు తీర్చుకోవడం చిన్నప్పుడు విన్నాడు, అంతే. అక్కడ మొక్కుగా తమ బరువంత ఇచ్చే బెల్లాన్ని నిలువెత్తు బంగారం అంటారు, ఆ మాట మనకు ఎంత అలవాటంటే అందులో చిక్కు ఉందని కూడా మనకు కనపడదు, మా పిల్లకు కనపడింది. బతుకమ్మ మీద కూడా ఒకటి రాసింది. ఐదు రోజులు రోజూ సాయంత్రం పూలు పేర్చుకొచ్చిన అమ్మాయి ఆరో రోజు రాలేదు, ఆరోగ్యం బాగానే ఉంది, ఏడో రోజు మళ్లీ వచ్చింది. "ఎవరైనా అలిగారా?" అని అడిగితే అవుననే చెప్పాలి, కానీ అలిగింది ఆ అమ్మాయి కాదు. అలిగిన బతుకమ్మ రోజు బతుకమ్మను పేర్చరు.

ఇవన్నీ సరదా కోసం మొదలైనవి. నవంబర్‌లో మామయ్యకు పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. విన్నది అర్థమవుతుంది, చదవగలరు, తల ఊపగలరు, నోటి నుంచి మాట మాత్రం రాదు. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చిన వారంలో ఒక రోజు పొద్దున్నుంచి ఆయన ఒకటే అవస్థ. ఎడమ చెయ్యి లేపి ఏదో చూపిస్తున్నారు. మేం అందరం మంచం చుట్టూ చేరి నీళ్లా మామయ్యా, పక్క మార్చాలా, ఫ్యాన్ వెయ్యాలా, బాత్రూమా, నొప్పా అని ఒకరి మీద ఒకరు అడుగుతున్నాం. ఆయన కాదు కాదని తల ఊపి ఊపి, చివరికి కళ్లు మూసుకున్నారు. కంటి చివర నీళ్లు. నాకూ ఏడుపొచ్చింది.

బాబు మంచం మీదెక్కి ఆయన పక్కన కూర్చున్నాడు. "తాతా, నీ ఒంటికి సంబంధించిందా?" కాదు. "ఇంట్లో వస్తువా?" అవును. "ఈ రూములో ఉన్నదా?" అవును. "అది నీకు కావాలా?" కాదు. "దాన్ని ఏదన్నా చెయ్యాలా?" అవును, గట్టిగా. "కింద ఉన్నదా?" కాదు. "గోడకా?" అవును. గోడకు ఉన్నవి మూడే, దేవుడి ఫోటో, గడియారం, రోజుకో కాగితం చింపే క్యాలెండర్. పద్దెనిమిది రోజులుగా ఎవరూ చింపలేదు. ముప్పై ఏళ్లుగా పొద్దున లేవగానే స్నానం కంటే ముందు ఆయన చేసే మొదటి పని అది, మాకెవరికీ గుర్తు రాలేదు. బాబు కుర్చీ ఎక్కి ఒక్కో కాగితమూ చింపి తాత చేతికి ఇచ్చాడు. ఎనిమిది ప్రశ్నలు కూడా పట్టలేదు. తర్వాత వచ్చిన స్పీచ్ థెరపిస్ట్ కూడా అదే పద్ధతి చెప్పారు, పెద్ద సంగతి నుంచి చిన్నదానికి రండి, ఒకసారికి ఒక్క ప్రశ్నే వెయ్యండి, తల ఊపేదాకా ఆగండి అని.

ఆ తర్వాత ఒకరోజు అమ్మాయికి తట్టింది. ఈ ఆటలో అన్నీ తెలిసిన మనిషికి కావలసింది అవును, కాదు మాత్రమే. అంటే తాత కార్డు పట్టుకోవచ్చు. సంక్రాంతి సెలవుల్లో ఆయన్ను దిండ్లు ఆనించి కూర్చోబెట్టి మేం రాసిన తెలుగు కార్డు ఒకటి ఎడమ చేతిలో పెట్టాం. అవునుకు తల కిందికి, కాదుకు పక్కకు, సంబంధం లేదుకు బొటనవేలు. ఇంగ్లిష్ డబ్బా ఆయనకు పనికిరాదు, అందుకే ఇంకా కొన్ని రాశాం. ఇప్పుడు మెల్లగా కొన్ని మాటలు వస్తున్నాయి, "కాదు" స్పష్టంగా వస్తుంది, "సంబంధం లేదు" అనడానికి ప్రయత్నిస్తారు, చివరి మాట దాకా మేం ఆగుతాం.

కొనేవాళ్లకు మిగిలిన వివరాలు తొందరగా చెప్తా. ఇద్దరితో ఆడితే చప్పగా ఉంటుంది, నలుగురైదుగురు ఉండాలి. ఇంటింటికీ ఒకటి కొనక్కర్లేదు, చుట్టాల్లో ఒక ఇంట్లో కొని తిప్పుకుంటే చాలు. ధర అమ్మేవాళ్లను బట్టి మారుతుంది, రెండు మూడు చోట్ల చూడండి. కార్డు పట్టుకునే మనిషికి ఓపిక ఉండాలి, తొందరపడి హింట్లు ఇచ్చేవాళ్ల చేతికి ఇవ్వొద్దు, మా ఆయన చేతికి ఇప్పుడు ఎవరూ ఇవ్వట్లేదు. మా డబ్బాలో ఈ రోజుకు వాళ్లవి నలభై ఒకటి, మావి ఇరవై ఆరు ఉన్నాయి. మూత పడక రబ్బరు బ్యాండు వేసి మామయ్య మంచం పక్క స్టూలు మీద, ఎడమ చేతికి అందేటట్టు పెట్టాం.